లోను తీరని కారు, వెనక్కి తీసుకున్న క్లెయిము

అమెరికాలో దిగిన కొత్తలో ఫోను సిమ్ము, బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ నంబరు గురించి చెప్పేవాళ్ళకు కొదవలేదు. కారు సంగతే ఎవరూ సరిగా చెప్పరు. లోను మీద కొన్న కారుకు బంపరు నలగ్గానే ఇన్సూరెన్సుకు ఫోను చేయడం, మర్నాడు రూమ్మేటు "ప్రీమియం పెరుగుతుంది" అనగానే క్లెయిము వెనక్కి తీసుకోవడం ఏటా కొత్తగా వచ్చినవాళ్ళలో చూస్తూనే ఉన్నాం. వెనక్కి తీసుకుంటే అసలేమీ జరగనట్టే అనుకోవడం దగ్గరే తప్పంతా ఉంది. లెక్సిస్‌నెక్సిస్ సంస్థ నడిపే క్లూ (CLUE) అనే క్లెయిముల చరిత్ర నివేదికలో క్లెయిములు 7 సంవత్సరాల దాకా నిలిచి ఉంటాయి. డాలరు కూడా చెల్లించకుండా మూసేసినవి సైతం అందులో కనబడవచ్చు. కాబట్టి క్లెయిము పెట్టకముందే ఆలోచించాలి, పెట్టాక భయపడితే లాభమేమిటి? ఆ నివేదిక ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకునే హక్కు మీకుంది. వాడుకోండి.

రెండో సంగతి, ఆ కారు ఇంకా పూర్తిగా మీది కాదు. అప్పిచ్చిన సంస్థ పేరు మీ పాలసీలో ఉంటుంది. అందుకే నష్టపరిహారం చెక్కు తరచూ ఇద్దరి పేరునా వస్తుంది. కారును బాగుచేయించి ఉంచుతామని, కొలిజన్, కాంప్రహెన్సివ్ రెండూ కొనసాగిస్తామని లోను కాగితాల మీద సంతకం పెట్టింది మీరే. చదవకుండా పెట్టామంటే ఆ మాట చెల్లదు. క్లెయిము వెనక్కి తీసుకున్నా ఆ బాధ్యత పోదు. నలిగిన డోరుతోనే ఏడాది తిప్పి, తర్వాత పెద్ద ప్రమాదంలో కారు టోటల్ అయితే, పాత దెబ్బకు విలువ తగ్గించి మిగతాదే కడతారు. కారు విలువకూ లోను బాకీకీ మధ్య తేడాను కట్టే గ్యాప్ ఇన్సూరెన్సు కూడా సాధారణంగా ఆ తగ్గింపును పూడ్చదు. లోను బాకీ మాత్రం ఉన్నదున్నట్టే ఉంటుంది.

అయితే ఎప్పుడూ వెనక్కి తీసుకోకూడదా అంటే, అలాగనీ కాదు. డిడక్టిబుల్ 1000 డాలర్లు, బాడీ షాపు ఎస్టిమేటు 1200 అయితే మీకు దక్కేది 200. దెబ్బ మీ కారుకే, మరో మనిషి ప్రమేయం లేదు, చెక్కు ఇంకా రాలేదు అంటే వెనక్కి తీసుకోవడం న్యాయమే, సొంత డబ్బుతో వెంటనే బాగుచేయిస్తేనే సుమా. ఎదుటి కారు కూడా ఉంటే లెక్క మారిపోతుంది. ఆ కారాయన పెట్టిన క్లెయిము మీరు వెనక్కి తీసుకోలేరు. "పర్వాలేదు, మనం మనం చూసుకుందాం" అన్న మనిషే నెల తర్వాత మెడ నొప్పంటూ రావచ్చు. టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ గాయాల దావాకు సాధారణంగా 2 సంవత్సరాల గడువుంది. మన ఊళ్ళో బండ్లు రాసుకుంటే నలుగురు గుమిగూడతారు, పెద్దాయన ఒకరు ఇద్దరికీ సర్దిచెబుతారు, టీ తాగి ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఆ నలుగురూ ఇక్కడ లేరు. దూరదేశంలో ఆ లోటు ఎంత పెద్దదో ఇలాంటప్పుడే తెలుస్తుంది. వాళ్ళ మాట చేసే పని ఇక్కడ కాగితమే చేయాలి. అందుకే అడ్జస్టరుకు ఫోనులో చెప్పి ఊరుకోకండి. క్లెయిము నంబరు వేసి ఈమెయిలు పంపండి, చెల్లింపు లేకుండా మూసేశామని రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఆ కాగితాన్ని రిపేరు రసీదుతో కలిపి లోను తీరేదాకా దాచండి.