ఇంటిపై సౌరవిద్యుత్తు : ఫలకములా? సౌరపు కప్పా?

విజయవాడకు పడమట కృష్ణాతీరమున నున్న భవానీపురములోను, ఆ చేరువ గ్రామములలోను వేసవి యెండ ఎంత తీవ్రమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ యెండను విద్యుత్తుగా మార్చుకొనదలచిన గృహస్థులు పంచాయతీ సభ్యులను ఒక ప్రశ్న అడుగుచుందురు: డాబాపై ఫలకములు బిగించుట మేలా? లేక కప్పునే సౌరపెంకులతో వేయించుట మేలా? ఇది పాతికేండ్లు అనుభవింపవలసిన నిర్ణయము.

సౌరపు కప్పునందు పెంకులే ఎండావానల నాపుచు విద్యుత్తు నిచ్చును. చూపునకు ముచ్చటగ నుండును. కాని అది వాలుకప్పులకు తగినది, వెల హెచ్చు. పెంకుల క్రింద గాలి చాలినంత ఆడదు. వేడి పెరిగిన కొలది ఉత్పత్తి తగ్గును. మరమ్మతు వచ్చినచో కప్పునే కదల్పవలెను.

ఫలకములను ఇనుప చట్రముపై ఎత్తుగా, దక్షిణమునకు వాల్చి బిగింతురు. క్రింద గాలి ఆడును. ఒకటి చెడిన దానిని మాత్రమే మార్చవచ్చును. ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావలెను. దినమునకు సుమారు 4 యూనిట్లు లభించును.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమై, 2026-27 వరకు అమలునకు ఉద్దేశింపబడిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద కేంద్ర సహాయము 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు, అంతకు మించిన వానికి 78,000 రూపాయలుగ నిర్ణయింపబడినది. స్వదేశమున తయారైన ఫలకములకే ఇది వర్తించును. కావున విదేశపు పెంకులు కొనువారు ఈ సంగతి మరువరాదు.

కనుక స్లాబు గల ఇంటికి ఫలకములే లాభకరము. వాలుకప్పుతో కొత్త ఇల్లు కట్టువారు మాత్రము సౌరపు కప్పు వెలను, పెంకుల వెలను, ఫలకముల వెలను కలిపి లెక్కించి చూచుకొనవచ్చును.

ఏది ఎంచుకొన్నను మూడు జాగ్రత్తలు అవసరము:

1. మనది తుపానుల సీమ. చట్రము గాలికి నిలుచునట్లు, స్లాబు కురియనట్లు బిగింపవలెను.

2. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ఇండ్లను ముంచెను. ఇన్వర్టరును, మీటరును నీరందని ఎత్తున అమర్పవలెను.

3. బ్యాటరీ లేని ఏర్పాటు, లైనులో కరెంటు పోయినపుడు తానును ఆగిపోవును. తీగలపై పనిచేయు కార్మికుని రక్షణకే ఈ నిబంధన. "ఇక చీకటి యుండదు" అను మాటలను నమ్మి డబ్బు చెల్లింపరాదు.

పంచాయతీ సభ్యులు ఈ విషయములను గ్రామసభలో ముందుగనే వివరించినచో, కష్టార్జితమైన సొమ్ము వృథా కాకుండును. ఎండ అందరికిని ఉచితమే. దానిని పట్టు సాధనమును ఎంచుకొనుటలోనే వివేకము కావలెను.