నలభై నిమిషాల మద్రాసు
— బి.ఎస్సి. మూడవ సంవత్సరం విద్యార్థి

మా బావ ఫిల్మ్‌నగర్‌లో సెట్టింగులు కట్టే వడ్రంగి. క్రిందటేడు ఓ మధ్యాహ్నం ఫోన్ చేసి, "బామ్మర్దీ, మద్రాసుకి విమానం ఎంతసేపు?" అని అడిగాడు. "నలభై నిమిషాలు బావా" అని టక్కున చెప్పాను. లెక్క కట్టి మరీ చెప్పాను!

ఆ లెక్క ఇదీ. జూబిలీహిల్స్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 తూర్పు రేఖాంశం మీద ఉంది. సినిమావాళ్ళ పాత ఊరు కోడంబాకం 13.05, 80.2. అక్షాంశాల తేడా 4.35. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 483. రేఖాంశాల తేడా 1.8. అయితే దీన్ని కూడా 111తో గుణిస్తే పప్పులో కాలేసినట్టే. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా. కనుక సగటు అక్షాంశమైన 15.2 డిగ్రీల కొసైన్ విలువతో, అంటే 0.965తో హెచ్చవేస్తే డిగ్రీకి 107 వస్తుంది. ఆ లెక్కన 193. ఇక పైథాగరస్ సిద్ధాంతమే: 483, 193 భుజాలైతే కర్ణం 520 కిలోమీటర్లు. (ఇంత దగ్గర ఊళ్ళకి భూమి గుండ్రం అన్న పేచీ పెద్దగా రాదు. అమెరికాకైతే ఇలా కుదరదు.) గంటకు 800 కిలోమీటర్ల వేగంతో 39 నిమిషాలు.

కాజీపేట, విజయవాడ మీదుగా చుట్టుతిరిగే రైలుకి ఇదే ప్రయాణం 790 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఓ రాత్రంతా పడుతుంది. 1976లో అక్కినేని వారు ఇక్కడ అన్నపూర్ణ స్టూడియో కట్టిన తర్వాత కూడా చాలాకాలం పరిశ్రమలో సగం మద్రాసులోనే ఉండేది. బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలకైతే ఈ 520 కిలోమీటర్లకి సుమారు రెండు గంటలు. ఆ కంపెనీ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

మరి ఇప్పటి టికెట్టు మీద గంటా పది నిమిషాలని ఎందుకుంటుంది? రన్‌వే దాకా పాకడం, గాలికి ఎదురుగా లేవడం, పైకెక్కడానికి దాదాపు ఇరవై నిమిషాలు, దిగడానికి మళ్ళీ అంత. ఎక్కడం దిగడంతోనే సరి, పూర్తి వేగంతో పోయేది కాసేపే. మొత్తం మీద సగటు గంటకు 450 కూడా రాదు.

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాదుకి మారాయి. శంషాబాదు దక్షిణాన ఉంది కాబట్టి గగనదూరం ఇరవై కిలోమీటర్లు తగ్గింది. విమానానికి మిగిలింది నిమిషంన్నర. ఫిల్మ్‌నగర్ మనిషికి రోడ్డు మీద పెరిగింది అరగంట పైనే.

బావ వాళ్ళమ్మకి కోడంబాకంలో పెద్దకొడుకింట్లో ఒంట్లో బాగాలేదట. ఆ సంగతి నాకు ఫోన్‌లో చెప్పలేదు. నాలుగు బస్తాల వడ్ల డబ్బు పోసి అయిదున్నర విమానానికి టికెట్టు కొన్నాడు. నా నలభై నిమిషాలు నమ్ముకుని నాలుగింటికి ఇల్లు కదిలాడు. గంట ముందే కౌంటరు మూసేస్తారని ఎవరూ చెప్పలేదు. చివరికి రాత్రి రైలెక్కాడు. తెల్లారి చేరేసరికి ఆమెకి మాట పడిపోయింది.

తర్వాత మళ్ళీ లెక్క కట్టాను. శంషాబాదుకి గంటంపావు, అక్కడ రెండు గంటలు, విమానంలో గంటా పది, ఆ దరిని గంట. మొత్తం అయిదు గంటల ఇరవై అయిదు నిమిషాలు. కాయితం బావకి చూపిస్తే చాలాసేపు చూసి, "ఇందులో నువ్వు చెప్పిన నలభై ఎక్కడుందిరా?" అన్నాడు. వేలు పెట్టి చూపించాను.