పెరట్లో పనిగది: నల్లరేగడి మీద కట్టేముందు

కైరుప్పల అనగానే హాస్టల్లో అందరూ అడిగేది ఒకటే. “ఉగాది మరుసటి రోజు పిడకల సమరం జరిగేది మీ ఊర్లోనేనా?” అవును, ఆదోని దగ్గర ఆస్పరి మండలంలో ఉన్న ఆ ఊరే మాది. అయితే ఈ వ్యాసం ఆ సమరం గురించి కాదు. మా ఇళ్ళ గోడలకీ వాటి కింద నేలకీ ఏడాది పొడుగునా జరిగే సమరం గురించి.

మా నాయనకి పత్తి సేద్యంతో పాటు ఇంకో పని ఉంది. మందు కొట్టే పంపులు, మోటారు స్టార్టర్లు, తలుపు బందులు, ఊర్లో ఏది చెడిపోయినా మా వసారాలోకి వస్తుంది. పంట పోయిన ఏడు ఇల్లు నడిచింది ఆ రిపేర్లతోనే. అందుకని కొన్నేళ్ళ కింద పెరట్లో ఒక గది కట్టించినాడు. రెండో ఎండాకాలానికే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వచ్చినాయి. కట్టిన బేల్దారి వచ్చి సిమెంటు పూసి పోయినాడు. మరుసటి ఏడు పక్కనే ఇంకో పగులు. చివరికి నాయన అన్న మాట: “ఎంత సిమెంటు పూసినా ఏం లాభం రా? గోడ కింద నేల కదులుతాంది.”

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకి వివరణే. నల్లరేగడిలో పగులు పూడ్చినంత మాత్రాన రిపేరు అయిపోదు. నీళ్ళ దారి మార్చాలి.

పగులును చదవడం

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుంది. అది పలుచటి పొరలు పొరలుగా ఉంటుంది. నీళ్ళు ఆ పొరల మధ్యకి దూరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం చేన్లో కాలు దూరేంత నెర్రెలు వచ్చేది అందుకే. చేన్లో జరిగేదే గోడ కిందా జరుగుతుంది. గది నడిమధ్య నేల తేమగానే ఉంటుంది, అంచుల్లో ఎండుతూ తడుస్తూ ఉంటుంది. ఒకచోట లేచి ఒకచోట దిగితే ఏ గోడైనా చీలుతుంది.

మీ ఇంట్లో పగులు ఉంటే ముందు ఒక పెన్సిల్ తీసుకోండి. పగులు రెండు కొసల దగ్గర గీత గీసి తేదీ రాయండి. పగులుకి అడ్డంగా సన్నటి గాజుముక్కని రెండు వైపులా సిమెంటుతో అతికించండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. పగులు ఎండాకాలం పెద్దదై, వానాకాలం చిన్నదవుతుంటే నేల ఉబ్బడం, కుంచించడమే కారణమని అనుకోవచ్చు. కాలంతో పని లేకుండా పెరుగుతూనే పోతే పునాది కుంగుతుందేమో చూడాలి. రెంటికీ మందు ఒకటి కాదు.

మట్టిని పరీక్షించడం

కొత్త గదికి చోటు చూసినాక మూడడుగుల లోతు నుంచి కొంచెం మట్టి తీసి కాలేజీకి తెచ్చుకున్నాను. ఫ్రీ స్వెల్ ఇండెక్స్ అనే పరీక్ష మన సాయిల్ మెకానిక్స్ ల్యాబ్‌లోనే చెయ్యచ్చు. ఐ.ఎస్. 2720, 40వ భాగంలో ఉంటుంది. ఓవెన్‌లో ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో పోయాలి. ఒకదాన్ని నీళ్ళతో, ఇంకోదాన్ని కిరోసిన్‌తో 100 మి.లీ. దాకా నింపి 24 గంటలు వదిలేయాలి. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు, కాబట్టి అది మనకి కొలబద్ద.

మా మట్టి కిరోసిన్‌లో 10 మి.లీ. దగ్గర ఆగింది, నీళ్ళలో 21 మి.లీ. దాకా లేచింది. తేడాని కిరోసిన్ కొలతతో భాగిస్తే 110 శాతం. 50 లోపు ఉంటే భయం లేదు, 50 నుంచి 100 మధ్యస్థం, 100 దాటితే ఎక్కువ, 200 దాటితే మరీ ఎక్కువ. మా మట్టి “ఎక్కువ” కిందికి వచ్చింది. ఆ లెక్క చూపించినాకే నాయన రెండు మూటల సిమెంటు ఖర్చు తగ్గించి, ఆ డబ్బు తవ్వకానికి పెట్టినాడు.

పునాది

మా పెరట్లో నాలుగడుగులకే గరుసు తగిలింది. కాబట్టి పునాదిని ఆ గరుసు మీదే కూర్చోబెట్టినాం. పైన నాలుగు గోడలనీ కలుపుతూ ప్లింత్ బీమ్ వేసినాం. గది లోపల రెండడుగుల నల్లమట్టి తీసేసి, ఆరేసి అంగుళాల వరుసల్లో గరుసు పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టినాం. ఇక్కడ ఒక జాగ్రత్త. చవగ్గా వస్తుందని ఇసుక నింపకండి. చుట్టూ బంకమన్ను, మధ్యలో ఇసుక ఉంటే వాననీళ్ళు అందులో తొట్టెలో నిలిచినట్టు నిలుస్తాయి. ఉబ్బని, కానీ జిగురున్న మట్టి కావాలి. ఐఐటీ బొంబాయి ఆచార్యులు ఆర్.కె. కట్టి గారు పరిశోధించి చెప్పిన ‘సి.ఎన్.ఎస్. పొర’ వెనక ఉన్నదీ ఈ ఆలోచనే.

మీ దగ్గర నల్లమట్టి చాలా లోతుంటే ఇది చాలదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన అండర్-రీమ్డ్ పైల్స్ దానికే. అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బెత్తుగా ఉండి, కాలంతో తేమ మారని లోతులో పట్టు దొరికించుకుంటాయి. అది ఇంట్లో సొంతంగా చేసే పని కాదు, ఇంజనీరుని పిలవండి.

నీళ్ళ దారి

పాత గదికి ఆనుకునే బచ్చలి ఉండేది, ఆ నీళ్ళన్నీ పునాదిలోకే ఇంకేవి. ఈసారి బచ్చలి నీళ్ళకి పైపు వేసి దూరంగా ఉన్న కొబ్బరిచెట్టుకి మళ్ళించినాం. గది చుట్టూ మూడడుగుల వెడల్పు గచ్చు, బయటికి వాలు. రేకుల కప్పు నీళ్ళు ఆ గచ్చు దాటి పడాలి. గోడ పక్కన పెద్ద చెట్టు నాటకూడదు, వేర్లు ఒకవైపు తేమనే పీలుస్తాయి.

లోపల సిమెంటు గచ్చు కాకుండా బేతంచెర్ల బండలు పరిచినాం. వానల తర్వాత ఒక మూల రెండు బండలు లేచినాయి. గడ్డపారతో ఎత్తి, కింద సరిచేసి, మళ్ళీ పరిచేసరికి అరపూట పట్టింది. అదే సిమెంటు గచ్చయితే పగలగొట్టాల్సి వచ్చేది. రిపేరు చేసుకోవడానికి వీలుగా కట్టడం కూడా డిజైన్‌లో భాగమే.

పాతవాళ్ళ లెక్క

మా అవ్వ ఉండే మట్టిమిద్దె మీద ఏటా వానలకి ముందు కొత్త చౌడు పోస్తారు. చౌడులో సోడియం ఎక్కువ. తడిస్తే బంకరేణువులు విడిపోయి సందులన్నీ పూడుస్తాయి, నీళ్ళు కిందికి దిగవు. నల్లమట్టిలో సున్నం కలిపితే దీనికి తిరగబడి జరుగుతుంది. కాల్షియం వల్ల రేణువులు గుంపు కట్టి, ఉబ్బడం తగ్గుతుంది. మిద్దె మీద సోడియం, పునాది పక్క కాల్షియం. కెమిస్ట్రీ పుస్తకంలో రెండూ ఒకే పేజీలో ఉండాల్సిన పాఠాలు.

ఇంట్లోనే పనిచోటు ఉండటం కూడా మా వైపు కొత్తేం కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం మొదలుపెట్టినారు. గుంటమగ్గం ఉన్న ఇంట్లో నేలే పనిముట్టు, నేతగాడి కాళ్ళు ఆడేది ఆ గుంటలోనే.

కరెంటు

పనిగదికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. ఎండాకాలం నల్లమట్టి కుంచించుకుపోయి ఎర్తింగ్ రాడ్డుని వదిలేస్తుంది, ఎర్త్ సరిగ్గా పనిచేయదు. ఎర్త్ గుంత గోడకి దూరంగా ఉండాలి, ఎండల్లో దానికి నీళ్ళు పోస్తుండాలి.

మా గది ఒక వానాకాలం దాటింది, గోడ మీద పగులు లేదు. ఒక్క వానాకాలంతో తీర్పు చెప్పలేం కాబట్టి పెన్సిలు, గాజుముక్క సిద్ధంగానే ఉంచుకున్నాం. ఈసారి సెలవులకి ఊరికి పోయినప్పుడు మీరూ మీ పెరటి మట్టి ఒక అరకిలో తెచ్చుకోండి. ఏ బ్రాంచి వాళ్ళైనా పర్వాలేదు. ల్యాబ్‌లో జాడీలు ఖాళీగానే ఉంటాయి, పరీక్షకి పట్టేది ఒక్క రోజు.