తెలుగు సాగు సలహా పత్రాల తయారీకి ఓపెన్ సోర్స్ పీడీఎఫ్ లైబ్రరీ ఎంపిక: పాటించవలసిన ప్రమాణాలు

భూసార పరీక్ష ఫలితాలు, పంటల వారీ ఎరువుల సిఫారసులు, వాతావరణ ఆధారిత సలహాలు నేడు కంప్యూటర్ ద్వారా పీడీఎఫ్ రూపంలో రైతుకు చేరుతున్నాయి. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డు పథకంలో ఒక్కొక్క కార్డుపై 12 అంశాల ఫలితాలు ఉంటాయి. ఇటువంటి పత్రాలను వేల సంఖ్యలో చేతితో రూపొందించడం సాధ్యం కాదు కనుక ప్రోగ్రామ్‌లో లైబ్రరీని వినియోగించడం తప్పనిసరి. ఆ లైబ్రరీని ఎంచుకొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

1. లిపి కూర్పు

ఇది ప్రథమ ప్రమాణం. యూనికోడ్‌లో ‘త్ర’ అనేది త, పొల్లు, ర అనే మూడు సంకేతాల వరుస. దానిని ఒత్తుతో కూడిన అక్షరంగా మార్చే ప్రక్రియ వేరుగా జరగాలి. హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఈ పని చేస్తుంది. ఇటువంటి ఏర్పాటు లేని లైబ్రరీలో ‘నత్రజని’ కాస్తా ‘నత్‌రజని’గా, ‘గ్రాములు’ కాస్తా ‘గ్‌రాములు’గా విడిపోతాయి. ప్రోగ్రామ్ మాత్రం ఏ దోషాన్నీ సూచించదు. ఆంగ్ల నమూనాతో పరీక్షించినవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ‘లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్’ అనే వాక్యాన్ని రైతు తడుముకొంటూ చదవవలసి వస్తే సిఫారసు ఎంత శాస్త్రీయమైనదైనా ప్రయోజనం తగ్గుతుంది.

2. ఫాంటు, అన్వేషణ

ఫాంటును పత్రంలోనే పొందుపరచాలి. లేనిచో మరొక యంత్రంలో అక్షరాల స్థానే ఖాళీ గడులు కనిపించవచ్చు. నోటో సాన్స్ తెలుగు వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు ఇందుకు అనువైనవి. పీడీఎఫ్‌లో నిక్షిప్తమయ్యేవి అక్షర రూపాల సంఖ్యలు. వాటిని తిరిగి యూనికోడ్‌కు అనుసంధానించే పట్టిక సరిగా లేకపోతే పత్రం కంటికి చక్కగా కనిపించినా అందులోని పదాలను వెదకలేము, నకలు తీయలేము. పాత ఫలితాలతో పోల్చి చూడవలసిన పరిశోధకునికి ఇది పెద్ద ఆటంకం.

3. లైసెన్సు

ఓపెన్ సోర్స్ అన్నంత మాత్రాన షరతులు ఉండవని భావించరాదు. వీజీప్రింట్, రిపోర్ట్‌ల్యాబ్‌లు బీఎస్‌డీ లైసెన్సుతో లభిస్తాయి, నిబంధనలు స్వల్పం. ఎఫ్‌పీడీఎఫ్2 ఎల్‌జీపీఎల్ కిందకు వస్తుంది. ఐటెక్స్ట్‌కు ఏజీపీఎల్ వర్తిస్తుంది. దానిపై నిర్మించిన వెబ్ సేవను ప్రజలకు అందించేటప్పుడు మూల సంకేతాన్ని బహిర్గతం చేయడమో, వాణిజ్య లైసెన్సు కొనడమో చేయవలసి ఉంటుంది. అంతేగాక, అందులో భారతీయ లిపుల కూర్పునకు ప్రత్యేక వాణిజ్య అనుబంధం అవసరం.

4. అవసరానికి తగిన ఎంపిక

పట్టికలు, రంగులు, చిహ్నాలతో కూడిన కార్డులకు వీజీప్రింట్ అనుకూలం. పత్రాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్‌లలో రూపొందించవచ్చు. లిపి కూర్పును పాంగో ద్వారా హార్ఫ్‌బజ్ నిర్వహిస్తుంది. అయితే పాంగోను యంత్రంలో ముందుగా స్థాపించుకోవాలి. ఒకటి రెండు పుటల సరళమైన సలహా పత్రాలకు ఎఫ్‌పీడీఎఫ్2 సరిపోతుంది. ఇందులో లిపి కూర్పు సౌకర్యం స్వతహాగా పనిచేయదు. హార్ఫ్‌బజ్ అనుబంధాన్ని చేర్చి ఆదేశం ద్వారా ప్రారంభించాలి. సిద్ధాంత గ్రంథాలకు, సమీకరణాలున్న నివేదికలకు జీలాటెక్ మేలు. ఒకప్పుడు విస్తృతంగా వాడిన డబ్ల్యూకేహెచ్‌టీఎమ్‌ఎల్‌టుపీడీఎఫ్ అభివృద్ధి 2023లో నిలిచిపోయినందున కొత్త పనులకు దానిని స్వీకరించరాదు.

5. పరీక్షా విధానం

కొత్త వంగడాన్ని బహుళ స్థాన పరీక్షలు లేకుండా సిఫారసు చేయము. లైబ్రరీకీ అదే నియమం వర్తించాలి. నత్రజని, భాస్వరం, సేంద్రియ కర్బనం, పైరు, క్షారత్వం, సల్ఫేట్ అనే పదాలతో ఒక పుట తయారుచేయాలి. ‘పైరు’లోని ఐత్వం అక్షరానికి పైనా కిందా రెండు భాగాలుగా పడుతుంది కనుక అది మంచి పరీక్ష. ఆ పుటను కంప్యూటర్‌లోను, సాధారణ మొబైల్ ఫోన్‌లోను తెరిచి చూడాలి, కాగితంపై ముద్రించాలి, పదాలను వెదకి, నకలు తీసి సరిపోల్చాలి. పిమ్మట వంద కార్డులు ఒకేసారి తయారుచేసి, పట్టిక గడులు దాటి అంకెలు పక్క గడిలోనికి జరుగుతున్నాయేమో పరిశీలించాలి. లైబ్రరీ కొత్త సంచిక వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్షను పునరావృతం చేయాలి.

తుది ఆమోదం మాత్రం ప్రోగ్రామర్‌ది కారాదు. తెలుగు చదవగలిగిన విస్తరణ శాస్త్రవేత్త ముద్రిత ప్రతిని ఆసాంతం చదివి సంతకం చేసిన తరువాతనే పత్రాలను పంపిణీకి విడుదల చేయాలి.