చలికాలమందు మన పొరుగువాడు

పఠింపవలసిన భాగములు: నిర్గమ 22:26-27, లూకా 10:30-37



అప్పిచ్చినవాడు బీదవాని పైబట్టను రాత్రివేళ తనయొద్ద ఉంచుకొనరాదని ధర్మశాస్త్రము. పగటి అప్పుకన్న రాత్రి చలి గొప్పదని దేవుడు ఎంచెను.

బొమ్మసంద్రలో అంత చలి ఎక్కడిదని కొందరు అడుగవచ్చును. నిజమే, బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదియు 1884 జనవరిలో. కాని మన దేశపు మరణములను పరిశీలించి 2018లో ప్రకటించిన ఒక అధ్యయనము ప్రకారము, చలివలని మరణములలో ఎక్కువ భాగము తీవ్రమైన చలిలో గాక మోస్తరు చలిలోనే కలుగుచున్నవి. వాటికి చలి అని పేరు ఉండదు. గుండెపోటు, పక్షవాతము, న్యుమోనియా అని వ్రాయుదురు. చలికి రక్తనాళములు ముడుచుకొని రక్తపోటు పెరుగును, రక్తము చిక్కబడును. బలహీనమైన గుండెకు అది మోయలేని బరువు.

వృద్ధులకు చలి తగిలినట్టు తెలియుటయే ఆలస్యము. పసిబిడ్డలకు వణికి వేడి పుట్టించుకొను శక్తి చాలదు. ఉబ్బసము, మధుమేహము ఉన్నవారికిని, అరకడుపుతో పండుకొనువారికిని అపాయము ఎక్కువ.

ఇది దేహపు సంగతి. ఇక ఇంటి సంగతి. మనలో అనేకులము ఎండల ఊళ్లనుండి ఈ మూడువేల అడుగుల ఎత్తుకు వచ్చినవారమే; మొదటి చలికాలము ఎవరము మరువలేదు. ఇప్పుడు మనకు ఇండ్లు, రగ్గులు ఉన్నవి. క్రొత్తగా వచ్చువారు రేకుల షెడ్లలోను, కట్టుచున్న భవనముల ప్రక్క పట్టల గుడారములలోను నిద్రించుచున్నారు. సిమెంటు నేల ఒంటిలోని వేడిని లాగివేయును గనుక పైన దుప్పటి ఎంత అవసరమో క్రింద అట్ట అంత అవసరము. తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొనుట మరింత ప్రమాదకరము. దానినుండి వచ్చు విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణము తీయును.

ఒంటి వేడి 35 డిగ్రీలకు దిగువకు పడిపోయినవాడు తడబడును, మాట ముద్దగా వచ్చును. చూచినవారు త్రాగినాడని దాటిపోవుదురు. మేమును ఒకప్పుడు అట్లు దాటిపోయితిమి. నిజముగా త్రాగినను విడువరాదు. మద్యము చర్మమునకు వెచ్చదనము చూపి లోపలి వేడిని బయటికి పంపును. వణకు ఆగిపోయినను తగ్గినదనుకొనరాదు, అది ముదిరిన గుర్తు. తడిబట్టలు తీసి, పొడిదుప్పటి కప్పి, స్పృహ ఉన్నయెడల వెచ్చని తియ్యని పానీయము త్రాగించి, 108కి ఫోను చేయవలెను.

లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయముండవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినది. అది ప్రభుత్వము పని. మన పని ఇంతకంటె దగ్గరలో ఉన్నది. క్రిస్మస్ కేరల్స్‌కు స్వెట్టర్లు వేసికొని అర్ధరాత్రి వెళ్లుచున్నాము. గేటు తీయు వాచ్‌మన్‌కు వందనము చెప్పి లోపలికి పోవుదుము. ఈసారి యౌవనులు అతడు ఎక్కడ పండుకొనునో, అతనితో ఎవరున్నారో అడిగి వ్రాసికొని రావలెను. కంపెనీలలో పనిచేయువారు ఖాళీ అట్టపెట్టెలు అడిగి తీసికొని, చింపకుండ మడిచి, ఆదివారము ఆరాధనకు వచ్చునప్పుడు తెండి.