పందిమాంసపు వాంటనులు: వంటింటి పని, పంచాయతీ పని

వాంటను చైనా దేశపు వంటకము. పలుచగా వత్తిన గోధుమపిండి రేకులో కొంచెము మాంసపు ముద్ద నుంచి, అంచులు మూసి, మరుగు నీటిలో ఉడికించి, వేడి చారులో వేసికొని తిందురు. చూపునకు మన కజ్జికాయకు దగ్గరి చుట్టమువలె నుండును. కాని ఒక భేదము గలదు. కజ్జికాయలోని పూర్ణము మూయకముందే తినుటకు సిద్ధమైనది. వాంటనులో మూయునది పచ్చి పందిమాంసము. అది లోపల ఉడికినదో లేదో పైకి కనిపింపదు. ఆ మాంసము ఎట్టి పందినుండి వచ్చినదో, ఆ పంది యెచ్చట తిరిగి యేమి తిన్నదో వండు ఇల్లాలికి తెలియు మార్గము లేదు. ఆ సంగతి తెలిసికొనగలవారు, చక్కదిద్దగలవారు గ్రామ పంచాయతీ సభ్యులు. కావుననే ఒక వంటకమును గూర్చిన ఈ పాఠమును వారి యెదుట నుంచుచున్నాము.

కాంటను ప్రాంతమున ఈ పేరును వ్రాయు అక్షరములకు ‘మేఘమును మ్రింగుట’ అని యర్థము వచ్చును. చారులో తేలు తెల్లని రేకులను చూచినవారికి ఆ పేరు తగినదనియే తోచును. సిచువాన్ రాష్ట్రమువారు దీనినే ‘చేతులు కట్టుకొన్నది’ అను అర్థము గల పేరుతో పిలుతురు. రెండు మూలలను ముందునకు తెచ్చి అంటించిన రూపమే అందులకు కారణము. మన దేశమున చైనీయులు స్థిరపడుట 18వ శతాబ్దము చివర కలకత్తా ప్రాంతమున ఆరంభమైనది. హుగ్లీ నదీతీరమునందలి అచ్చీపూరు గ్రామము ఆ తొలి వలసదారు పేరనే వెలసినది. పిమ్మట కలకత్తాలోని టాంగ్రా పేట చైనీయుల తోళ్ళ పరిశ్రమకును భోజనశాలలకును పేరుపడినది. వారి వంట క్రమముగా ఇతర నగరములకు ప్రాకినది. సికింద్రాబాదులోను చైనా కుటుంబములు భోజనశాలలు నడపినవి.

సికింద్రాబాదునకు ఈశాన్యమున సైనిక్‌పురి యున్నది. రక్షణ దళములలో పనిచేసినవారి నివాసము కొరకు సహకార పద్ధతిపై ఏర్పడిన కాలనీ అది. దానిని చేరియున్న కాప్రా మునిసిపాలిటీ 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థయందు విలీనమైనది. అస్సాము, నాగాలాండు, డార్జిలింగు వైపుల కొలువుచేసి వచ్చిన కుటుంబములలో పందిమాంసము, మోమోలు, వాంటనులు కొత్త వస్తువులు కావు. అట్టి యొక యింటి వంటగదిలో వీని తయారీని మేము మొదటినుండి చివరివరకు చూచితిమి. ముందు చెప్పబోవు కొలతలు అచ్చటివే. సైనిక్‌పురి నగరమే కావచ్చును. కాని నగరమునకు వచ్చు మాంసము మిక్కిలి భాగము ఏదో యొక పల్లె పొలిమేరలో పెరిగిన జంతువులదే.

పురుగు తిరుగు త్రోవ

పందిమాంసమును గూర్చి పల్లెలలో రెండు మాటలు వినవచ్చును. అది రోత మాంసమని కొందరందురు. మసాలా ఘాటుగా దట్టించినచో ఏ దోషమును నిలువదని మరికొందరందురు. రెండును సరికావు. పందిమాంసము తక్కిన మాంసములవలె మాంసకృత్తులు గల బలమైన ఆహారమే. అల్లమునకు, మిరియములకు చచ్చు దోషము కాదు దానిలో ఉండదగినది.

ఆ దోషము బద్దెపురుగు. ఇది పందియందు పుట్టి మనిషికి వచ్చునని పలువురి తలంపు. నిజమునకు పెద్ద పురుగు మనిషి ప్రేగులోనే నివసించును. 2 మొదలు 7 మీటర్ల వరకు పెరుగును. దాని తునకలు, వానిలోని వేలకొలది గ్రుడ్లు మలముతో బయటపడును. ఆరుబయట విసర్జించిన మలమును పంది తినును. గ్రుడ్లనుండి వెడలిన పిల్లలు పంది రక్తములో చేరి, కండలలో తెల్లని బుడగలుగా నిలిచిపోవును. నానిన సగ్గుబియ్యపు గింజ మొదలు శనగగింజ వరకు వాని పరిమాణముండును. అట్టి మాంసమును అరకొరగా ఉడికించి తిన్నవాని ప్రేగులో ఆ బుడగ మరల పెద్ద పురుగగును. త్రోవ పూర్తియైనది.

ఇంతమాత్రమే యైనచో పందిమాంసము తినువారు జాగ్రత్తపడిన చాలును. కాని రెండవ త్రోవ యొకటి కలదు. అపాయము దానియందే హెచ్చు. పురుగు గల మనిషి మలవిసర్జనానంతరము చేతులు సబ్బుతో కడుగక అన్నము వడ్డించినను, మురుగునీటితో పెంచిన కొత్తిమీరను, ఉల్లికాడలను కడుగక పచ్చిగా తిన్నను, ఆ గ్రుడ్లు నేరుగా మరియొకరి కడుపులోనికి పోవును. అప్పుడు పందియందు జరిగినదే మనిషియందును జరుగును. బుడగలు కండలలో, కంటిలో, మెదడులో చేరును. మెదడులో చేరినచో మూర్ఛలు వచ్చును. జన్మమెత్తి మాంసము ముట్టని వారికిని ఈ వ్యాధి వచ్చుట వైద్యులెరుగుదురు. ఇది వ్యాపించియున్న ప్రాంతములలో మూర్ఛరోగులలో నూటికి సుమారు 30 మందికి ఈ పురుగే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మూర్ఛ వచ్చిన పిల్లను గాలి సోకినదని భూతవైద్యుని యొద్దకు గొనిపోవుటయు, ఆమె పెండ్లికి అడ్డుచెప్పుటయు మన యెడ నేటికిని పూర్తిగా పోలేదు. మెదడును స్కానింగు చేయించి, తగిన మందులు వాడినచో పెక్కుమందికి గుణమగును.

కనుక ‘మా వాడలో పందిమాంసము తినము, మాకేమి?’ అను ప్రశ్నకు చోటు లేదు. ఒక వాడవారి మరుగుదొడ్డి రెండవ వాడవారి మెదడును కాపాడును.

పంచాయతీ చేతిలో నున్నది

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. అది చేర్చిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. పశుపోషణ, ఆరోగ్య పారిశుధ్యములు ఆ పట్టికలోనివే. పై త్రోవను చూచినచో పురుగును ఆపదగిన చోట్లు ఈ రెండు విషయములలోనే యున్నవి.

మొదటిది మరుగుదొడ్డి. కట్టిన దొడ్లను లెక్కించుట చాలదు, వాడుచున్నవానిని లెక్కింపవలెను. నీరు లేక, తలుపు లేక కట్టెలు దాచుకొను గదులైన దొడ్లు ఎన్నియో సభ్యులకే యెరుక.

రెండవది పందుల పెంపకము. ఇందు తొందరపాటు కూడదు. తరతరములుగా పందులను పెంచుచున్న ఎరుకలవారికి అది జీవనాధారము. ఫిర్యాదు వచ్చినంతనే పందులను పట్టించి ఊరు దాటించుట కొన్ని గ్రామములలో అలవాటైనది. దానివలన వ్యాధి పోదు; ఒక కుటుంబము అప్పులపాలగును, పందులు పొరుగూరిలో తిరుగును. అంతకంటె ఊరి వెలుపల, ఇండ్లకును వరి మడులకును దూరముగా, నీటి వసతి గల స్థలమును చూపి, కట్టుదిట్టమైన దొడ్లు వేసికొనుటకు తోడ్పడుట మేలు. దూరమేల యనగా, మడులలో పెరుగు దోమలు పందులనుండి మెదడువాపు వ్యాధిని మనుష్యులకు చేర్చగలవు. దొడ్డిలో కట్టి మేపిన పందికి మనిషి మలము అందదు. అందనిచో బుడగలును లేవు. సీమపందులను ఇట్లు పెంచినచో త్వరగా బరువెక్కును, మంచి వెల పలుకును. హోటళ్ళ ఎంగిలి వేయువారు దానిని మరగించి వేయవలెను. లేనిచో పందుల జ్వరములు దొడ్డి యంతటిని తుడిచిపెట్టగలవు.

పందికే టీకా వేయు సాధనము కూడ ఇప్పుడు గలదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన ఆధారముగా, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ‘సిస్‌వాక్స్’ అను టీకాను తయారుచేసినది. ఇది కొత్తగా బుడగలు పట్టకుండ కాపాడును. ముందే పట్టినవానికి ఆక్స్‌ఫెండజోల్ అను మందు పనిచేయును. మందు వేసిన పందిని వెంటనే కోయరాదు. ఎన్ని దినములు ఆగవలెనో పశువైద్యుడు చెప్పును.

మూడవది కోతచోటు. రోడ్డు ప్రక్కన మట్టిలో కోసి, చెట్టుకు వ్రేలాడదీసి అమ్ముట మానిపింపవలెను. గచ్చునేల, శుభ్రమైన నీరు, మురుగు పోవుటకు గుంట, ఈగలు వాలని తెర యుండిన చాలును. కోతకు ముందు, కోత తరువాత పశువైద్యుడు చూడవలెను. జబ్బు ముదిరిన పందికి బ్రతికియుండగనే నాలుక క్రింద బుడగలు చేతికి తగులును. బుడగలు విస్తారముగా నున్న మాంసమును కాల్చివేయవలెను, లేదా సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను; కుక్కలకు వేయరాదు. ఇందు చిక్కు ఒకటి గలదని దాచము. పేదవాని పంది పనికిరాదన్నచో అతని నాలుగైదు నెలల శ్రమ మట్టిలో కలియును. ఏ విధమైన తోడ్పాటును లేనిచో అతడు మరునాటినుండి చీకటిలో కోసి అమ్మును. కావున పరీక్షను మొదలుపెట్టక ముందే నష్టపోవువానికి ఏమి చేయగలమో పంచాయతీ తీర్మానించుకొనుట తెలివి.

తయారుచేయు విధము

మాంసము నమ్మదగినదైన పిమ్మట వంట కష్టము కాదు. సుమారు 40 వాంటనులకు కొలతలిచ్చుచున్నాము.

రేకులకు మైదాపిండి 250 గ్రాములు, ఒక కోడిగ్రుడ్డు, అర చెమ్చా ఉప్పు, 75 మొదలు 80 మిల్లీలీటర్ల నీరు కావలెను. పిండిని పూరీపిండికంటె గట్టిగా కలిపి, పది నిముషములు మర్దించి, తడిగుడ్డ కప్పి ముప్పావు గంట నాననీయవలెను. నానని పిండి వత్తుచుండగా వెనుకకు ముడుచుకొనును. పిమ్మట నాలుగు ముద్దలు చేసి, మొక్కజొన్న గంజిపిండిని చల్లుకొనుచు, అప్పడాల కర్రతో ఒక మిల్లీమీటరు మందమునకు వత్తి, 9 సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా కోయవలెను. పీట మీది పువ్వు రేకుగుండ కనిపించినచో పలుచదనము సరిపోయినట్లు. కోసిన రేకులను తడిగుడ్డ క్రింద నుంచవలెను.

ముద్దకు పందిమాంసపు ఖీమా 300 గ్రాములు. ఇందు ఐదవ వంతు క్రొవ్వుండవలెను. వట్టి కండ యైనచో ఉడికిన పిదప రబ్బరువలె బిగియును. దీనికి సోయా సాసు ఒక పెద్ద చెమ్చా, ఉప్పు అర చెమ్చా, తురిమిన అల్లము ఒక చెమ్చా, మిరియాలపొడి పావు చెమ్చా, గంజిపిండి ఒక చెమ్చా, బాగుగా కడిగి సన్నగా తరిగిన ఉల్లికాడలు రెండు చేర్చవలెను. చైనావారు వేయించిన నువ్వుల నూనెను వాడుదురు. మన గానుగ నూనెకు ఆ వాసన యుండదు గనుక, ఒక చెమ్చా నువ్వులను దోరగా వేయించి దంచి కలిపినచో సరిపోవును. రెండు పెద్ద చెమ్చాల నీటిని కొంచెము కొంచెముగా పోయుచు, ఒకే వైపునకు త్రిప్పుచు, జిగురు వచ్చువరకు కలుపవలెను. ఉప్పు చూచుటకు పచ్చిముద్దను నాలుకకు తగిలింపరాదు. గోలీయంత ముద్దను పెనముమీద పూర్తిగా కాల్చి రుచి చూడవలెను. సైనిక్‌పురి ఇల్లాలు ఈ నియమమును పిల్లలకు కూడ నేర్పినది.

రేకు నడుమ ఒక చెమ్చా ముద్దనుంచి, అంచులకు నీరు తడిపి, త్రికోణముగా మడచి, లోపలి గాలిని వ్రేలితో నెట్టివేసి గట్టిగా నొక్కవలెను. గాలి మిగిలినచో ఉడుకునపుడు పగులును. తరువాత రెండు మూలలను దగ్గరకు తెచ్చి, తడిచేసి అంటింపవలెను.

వెడల్పు పాత్రలో నీరు తెర్లుచుండగా పది పన్నెండు చొప్పున వేయవలెను. అవి తేలగానే ఉడికినవని భ్రమపడరాదు, తేలునది రేకు. ఒక గ్లాసు చన్నీరు పోసి మరల తెర్లనిచ్చి, మొత్తము ఐదు నిముషములుంచి, ఒకదానిని నడిమికి కోసి చూడవలెను. ఎరుపు ఏ మాత్రమును కనిపింపరాదు. ఉష్ణమాపకము గలవారు ముద్ద నడుమ 71 డిగ్రీల సెంటిగ్రేడు వచ్చువరకు ఉడికింపవలెను. ఆ వేడికి బుడగలలోని పురుగు బ్రతుకదు. నూనెలో వేయించుట అందరికిని ఇష్టమే గాని, రేకు ముందే ఎర్రనై లోపల పచ్చిగా మిగులుట కలదు. వేయింపదలచినవారు ముద్దను సగము చేసి, నడిమి సెగమీద వేయింపవలెను. చారు కొరకు ఎముకలను అల్లపు ముక్కతో రెండు గంటలు సన్నని సెగపై మరిగించి వడకట్టుదురు.

పచ్చిమాంసము తగిలిన కత్తిని, పీటను, చేతులను సబ్బుతో కడిగిన పిదపనే వేరు పనికి పోవలెను. మిగిలిన వాంటనులను పళ్ళెములో ఒకదానికొకటి తగులకుండ పేర్చి ఫ్రీజరులో నుంచవచ్చును. గడ్డకట్టినవానిని కరిగింపక అట్లే మరుగు నీటిలో వేసి, రెండు మూడు నిముషములు హెచ్చుగా ఉడికింపవలెను. పందిమాంసము నిషిద్ధమైన యిండ్లలో కోడిమాంసపు ఖీమాతో ఇదే పద్ధతిని చేయుదురు. సామూహిక భోజనములలో రెండును వండునపుడు పాత్రలు, గరిటెలు వేరుగా నుండవలెను. వడ్డించుటకు ముందే ఏది యేదో చెప్పవలెను.

గ్రామములోని మహిళా సంఘములు వీనిని అమ్మదలచినచో ఆహార భద్రతా శాఖయందు నమోదు చేయించుకొనవలెను. మాంసమును శుభ్రముగా కోయుట, నిలువచేయుట, వానితో వంటకములు తయారుచేయుట గూర్చి హైదరాబాదు శివారునందలి చెంగిచెర్లలో గల జాతీయ మాంస పరిశోధన సంస్థ శిక్షణ నిచ్చుచున్నది. పంపదలచిన పంచాయతీలు తమ మండల పశువైద్యాధికారి ద్వారా వ్రాసికొనవచ్చును. సంఘపు స్త్రీలతోపాటు గ్రామములో మాంసము కోయువానిని కూడ పంపుట మంచిది.