గురువు కొన్ని నెలలే నేర్పినను

టెన్నిస్ ఆటలో శిక్షకునికి జీతమిచ్చువాడు సాధారణముగా ఆటగాడే. పాఠశాలలో విద్యార్థియే ఉపాధ్యాయుని నియమించి, పరీక్ష తప్పినప్పుడు పంపివేయగలిగినచో నెట్లుండునో ఊహింపుడు. (మా పిల్లలు దీనికి సంతోషింపవచ్చును!) ఆ క్రీడలో గురుశిష్యుల పొత్తు తరచుగా కొలదికాలములోనే ముగియుటకు ఇది యొక ముఖ్యకారణము. 2021 సెప్టెంబరులో బ్రిటనుకు చెందిన పదునెనిమిదేండ్ల ఎమ్మా రడుకాను అర్హతపోటీలనుండి మొదలిడి, పది ఆటలలో ఒక్క సెట్టునైనను కోల్పోక అమెరికా ఓపెన్ గెలిచెను. ఆ నెల ముగియకముందే ఆమెయు, శిక్షకుడు ఆండ్రూ రిచర్డ్‌సనును వేరయిరి. 2024 నవంబరులో నోవాక్ జోకొవిచ్ తన చిరకాలప్రత్యర్థి ఆండీ మరేను శిక్షకునిగా పిలుచుకొనెను. 2025 మే నెలలో వారును విడిపోయిరి.

మన తెలుగువారిలో ఇట్టి కథ టెన్నిసున కంటె బాడ్మింటనులో స్పష్టముగా కనబడును. పి. వి. సింధు 1995లో హైదరాబాదులో జన్మించెను. తల్లిదండ్రులిరువురును వాలీబాలు ఆడినవారు. సికిందరాబాదులో మహబూబ్ అలీ వద్ద ఓనమాలు దిద్ది, పిదప పుల్లెల గోపీచందు అకాడమీలో చేరి ఏండ్ల తరబడి సాధన చేసెను. 2016 రియో ఒలింపిక్సులో రజతపతకము ఆ సాధనకు ఫలము. కాని ప్రపంచపోటీల స్వర్ణము మాత్రము చేతికందలేదు. 2017లో గ్లాస్గో నగరమున జపాను క్రీడాకారిణి ఒకుహారాతో నూటపది నిమిషములు పోరాడి ఓడెను. మరుసటియేడు తుదిపోరులో కరోలినా మరీన్ చేతిలో ఓడెను.

2019లో కిమ్ జి హ్యున్ అను కొరియా దేశపు స్త్రీ భారతజట్టుకు శిక్షకురాలుగా వచ్చెను. ఆమెను నియమించినది సింధు కాదు, జాతీయ సమాఖ్య. సింధు దెబ్బలో బలము మొదటినుండియు కలదు. వలయొద్ద ఆటను, ఎదుటివారిని ఏమార్చు నేర్పును పెంచుకొనవలెనని కిమ్ పట్టుబట్టెను. 2019 ఆగస్టు 25న బాసెల్ నగరమున ఆ ఒకుహారానే 21-7, 21-7 తో ఓడించి సింధు ప్రపంచవిజేత యయ్యెను. అంతకుముందు ఏ భారతీయునికిని ఆ బిరుదు దక్కలేదు. నెల తిరిగీ తిరుగకముందే, భర్త తీవ్రముగా జబ్బుపడుటచే కిమ్ పదవి విడిచి వెళ్ళిపోయెను.

తరువాత వచ్చిన పార్క్ టే సాంగ్ కాలమున సింధుకు 2021లో టోక్యో ఒలింపిక్సు కాంస్యము లభించెను. 2023 ఫిబ్రవరిలో ఆ పొత్తును ముగిసెను. పిమ్మట శిక్షకులు మారుచునే యుండిరి. 2024 పారిస్ ఒలింపిక్సులో పతకము రాలేదు.

కిమ్ నేర్పిన కొన్ని నెలలే స్వర్ణము తెచ్చెనని మేము నమ్మము. పది సంవత్సరములకు మించిన పునాదిపై ఆ నెలల పని నిలిచెను. అట్లని అవి వ్యర్థమనియు అనలేము. పునాది ఉన్నను రెండుసార్లు తలుపు తెరచుకొనలేదు గదా.

దేశనూరువంటి సరిహద్దు గ్రామములందు ఈ మాట మాకు కొంత దగ్గరిది. కన్నడసీమలో తెలుగున పాఠము చెప్పగల ఉపాధ్యాయుడు బదిలీయైనచో, అట్టివాడు మరల దొరకుట తేలిక కాదు. "సారు పోయినారు, ఇక చదువేమి?" అని తల్లిదండ్రులు బిడ్డను పొలమునకు తోడుకొనిపోవుట మాకు భయము. కన్నడమున చెప్పు ఉపాధ్యాయుడు వచ్చినను బిడ్డను మాన్పింపకుడు. గోపీచందు ప్రకాశముజిల్లాలో పుట్టి, బెంగుళూరులో ప్రకాశ్ పడుకోనె అకాడమీకి పోయి నేర్చి, 2001లో ఆల్ ఇంగ్లండు బిరుదు గెలిచెను.

విద్యార్థులకు పని: మీకు గణితము చెప్పిన ఉపాధ్యాయులు ఏ పాఠమువద్ద ఆపిరో, మీకు ఏ లెక్క రాలేదనిరో, తేదీతో సహా పుస్తకమున వ్రాసికొనుడు. క్రొత్తవారు వచ్చిన మొదటి దినముననే ఆ పుట చూపింపుడు.